రంగులో గుంటలు, చేతుల్లో పగుళ్లు

కరోనాకు రెండేళ్ల ముందు, చలికాలం మొదట్లో, నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌ఛార్జిగా చేరాను. అక్కడ కరెంటు ప్యానెల్ పెట్టెలు తయారయ్యేవి. రేకును వంచి, రసాయనాల తొట్లలో కడిగి, ఆరబెట్టి, కొక్కేలకు తగిలించి, పొడిరంగు చల్లి ఓవెన్‌లో కాల్చేవారు. నా సంతకం లేకుండా ఒక్క పెట్టె కూడా గేటు దాటదు.

చలి ముదిరేసరికి రంగులో సన్నటి గుంటలు పడసాగాయి. గుండ్రంగా, మధ్యలో రేకు కనబడుతూ చేప కన్నులా ఉంటాయి కాబట్టి వీటిని మా పనిలో ఫిష్ ఐ అంటారు. కొన్న కంపెనీ ఒక లాటు మొత్తం తిప్పి పంపింది. ప్రొడక్షన్ మేనేజరు ప్రభాకర్ గారు రంగు మార్చి చూశారు, గాలి గొట్టాలు శుభ్రం చేయించారు. లాభం లేకపోయింది.

తిరిగొచ్చిన పెట్టెల తలుపులన్నీ వరసగా పేర్పించి చూశాను. గుంటలు ఎక్కడపడితే అక్కడ లేవు. రెండు అంచుల దగ్గరే, చేత్తో పట్టుకునే చోటే ఉన్నాయి.

కడిగిన రేకులను కొక్కేలకు తగిలించే పని యాదమ్మది. బోడుప్పల్ నుంచి వచ్చేది. చేతులు చూపించమంటే వెనక్కి దాచుకుంది.

“ఏంది మేడం, చేతులు మంచిగ లేవని పనిల కెల్లి తీసేస్తరా?”

వేళ్ల కణుపుల దగ్గర చర్మం చీలి నెత్తురు కనబడుతోంది. మంట ఓర్చుకోలేక, బిడ్డ కొనిచ్చిన క్రీము పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి రాసుకుంటోంది. ట్యూబు వెనక చదివితే అందులో సిలికాన్ ఉంది. చర్మానికి నున్నదనం ఇచ్చేది అదే, రేకు మీద రంగు అంటకుండా చేసేదీ అదే.

అనుమానం చాలదు కాబట్టి కడిగిన ముక్కలు మూడు తీసుకున్నాం. ఒకటి వట్టి చేత్తో, ఒకటి క్రీము చేత్తో, ఒకటి శుభ్రమైన గ్లవుజుతో పట్టుకుని, రంగు వేసి కాల్చాం. క్రీము ముక్క మీదే గుంటలు వచ్చాయి.

“క్రీములు నిషేధమని నోటీసు పెట్టేయండి. ఆమెను రేపటినుంచి ఊడ్చే పనికి మార్చేద్దాం,” అన్నారు ప్రభాకర్ గారు. ఆ పనికి జీతం తక్కువ. యాదమ్మ తలొంచుకుని నిలబడింది.

“ఇంకొకరిని పెట్టినా ఈ చలికి వాళ్ల చేతులూ పగులుతాయండీ. నెత్తురు అంటినా రంగు నిలవదు. నాకు ఒక్క వారం ఇవ్వండి,” అన్నాను. అయిష్టంగానే ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర నిలబడి చూశాను. యాదమ్మ, మిగతావాళ్లు జిడ్డు వదలడానికి అక్కడ పెట్టిన డబ్బాలోంచి, రంగును కరిగించే థిన్నర్‌ని చేతుల మీద పోసుకుంటున్నారు. అది జిడ్డుతోపాటు చర్మంలోని సహజమైన నూనెనూ లాగేస్తుంది. ఇచ్చిన రబ్బరు గ్లవుజులేమో చెమట పట్టి పగుళ్లు మండుతున్నాయని ఎవరూ వేసుకోవడం లేదు.

యాదమ్మను ఉప్పల్‌లో ఒక చర్మవైద్యురాలికి చూపించాను. “గింత దానికి దవాఖానా ఎందుకు మేడం?” అంటూనే వచ్చింది. డాక్టరు పగుళ్లకు మందు రాసిచ్చి, మరీ వేడినీళ్లు వద్దని, గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని చేతులు పూర్తిగా ఆరకముందే వ్యాజిలిన్ రాయమని చెప్పారు. తడి లోపలే నిలవాలట.

మర్నాడే కుళాయి దగ్గర్నుంచి థిన్నర్ డబ్బా తీయించి మామూలు సబ్బు పెట్టించాను. రబ్బరు గ్లవుజుల లోపల వేసుకోవడానికి పల్చటి నూలు గ్లవుజులు తెప్పించాం. క్రీము మానేసి, వ్యాజిలిన్ కూడా పని దిగాకే రాసుకోవాలన్నాం.

వారం తిరక్కుండానే గుంటలు ఆగిపోయాయి. చేతులు మానడానికి ఇంకొంత కాలం పట్టింది. ఒక మధ్యాహ్నం యాదమ్మ తనే వచ్చి అరచేతులు చాపింది.

“సూడున్రి మేడం. నా చెయ్యి తగిల్తె గీసుకుంటున్నదని మనుమరాలు ఏడ్సేది. ఇప్పుడు మంచిగ సంకల ఉంటున్నది.”

పక్కనే ఉన్న ప్రభాకర్ గారు, తన మడమల పగుళ్లకు కూడా ఆ వ్యాజిలినే రాయొచ్చా అని నన్ను అడిగారు. రాయొచ్చన్నాను.

నిషేధపు నోటీసు మీద సంతకం చేసేముందు, ఆ వస్తువు మనిషికి ఎందుకు అవసరమైందో అడగడం అక్కడే నేర్చుకున్నాను. గుంటలకు కారణం క్రీము, నిజమే. క్రీముకు కారణం మాత్రం మేము కుళాయి పక్కన పెట్టిన థిన్నర్.