డిస్కు నిండిన పూట

తెలంగాణ ఉద్యమం మాట వస్తే మా వాళ్లకు వంటావార్పులు, ఊరేగింపులు, పాటలు గుర్తొస్తాయి. నాకూ గుర్తొస్తాయి, కానీ వాటికంటే ముందు ఒక మనిషి మొహం గుర్తొస్తుంది. జనగామలో నేను పనిచేసిన స్కానింగ్ సెంటర్ యజమాని మొహం అది. ఆయనకు మహబూబాబాద్‌లో ఇంకో సెంటర్ ఉండేది. రెండు చోట్లా కంప్యూటర్లు చూసుకునేది నేనే. బస్సులు, ఆఫీసులు అన్నీ బంద్ చేసిన పెద్ద సమ్మెకు ముందు ఎవరైనా కౌంటర్ దగ్గర ఉద్యమం మాటెత్తితే గిరాకీ పోతుందని కసిరినవాడు, ఎన్నికల్లో టికెట్టు దొరికేలా ఉందని ఎవరో చెవిలో వేయగానే మెడలో కండువా వేసుకున్నాడు. అప్పటిదాకా సినిమాల్లో హీరోలా మాట్లాడిన ఆ గొంతులో రాత్రికి రాత్రే మన యాస పుట్టుకొచ్చింది. మేమంతా చాటున నవ్వుకునేవాళ్లం.

ఆ రోజుల్లో దేవరుప్పుల, తరిగొప్పుల దిక్కు నుంచి జనం బియ్యం, పప్పు, కట్టెలు మోసుకొచ్చి నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టేవారు. వండి, దారిన పోయేవాళ్లను కూడా కూర్చోబెట్టి పెట్టేవారు. నేనూ తిన్నాను. మా సారు మాత్రం అక్కడ ఒక్క కట్టె ఎగదోసింది లేదు. వీడియో తీసే మనిషిని వెంటేసుకుని వచ్చి, ఎవరి చేతిలోంచో గరిటె లాక్కుని కాసేపు అన్నం కలిపినట్టు నటించి, ఆపైన మైకు అందుకునేవాడు. సాయంత్రం దీక్షా శిబిరంలో తెర కట్టించి ఆ వీడియోలు వేయించేవాడు. తన ఉపన్యాసాన్ని తానే ముందు వరసలో కూర్చుని చూసి చప్పట్లు కొట్టేవాడు.

అలాంటి ఒక పూట దేవరుప్పుల దగ్గరి తండా నుంచి లంబాడా ఆలుమగలు వచ్చారు. బస్సులు బంద్. కొంత దూరం నడిచి, కొంత దూరం ట్రాక్టరెక్కి వచ్చారు. ఆయన భూపాలపల్లి దిక్కు కూలికి పోయినచోట ఫిట్స్ వచ్చి పడిపోయాడు. పోయినేడు వానాకాలంలో మా దగ్గరే తల స్కాన్ తీస్తే చిన్న మచ్చ కనబడింది. ఇప్పుడు వరంగల్ డాక్టరు కొత్తగా స్కాన్ తీయించి, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకురమ్మన్నాడు. మచ్చ పెరిగి ఉంటే తల తెరవాలి, పెరగకపోతే మందు బిళ్లలతో సరిపోతుంది. ఇంట్లో ఉన్న పాత ఫిల్ము కప్పు కారి తడిసి అంటుకుపోయింది. ఫిల్ము పోయినా పర్వాలేదు, కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది, ఎప్పుడొచ్చినా తీసిస్తామని మా కౌంటర్లోనే వాళ్లకు చెప్పి పంపారట. ఆ మాట నమ్ముకుని వచ్చింది ఆమె. వరంగల్ పోయే జీపువాడొకడు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడట.

కొత్త స్కాన్ తీయడమైతే తీశారు గానీ అది సేవ్ కాలేదు. డిస్కులో స్థలం లేదని తెర మీద మెసేజ్. స్కాన్లన్నీ దాచే మా పెద్ద కంప్యూటర్, అంటే సర్వర్, విండోస్‌తో కాకుండా లైనక్స్‌తో నడుస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు గదులు చేసినట్టు డిస్కును ముక్కలు చేసి పెట్టుకుంటారు, ముక్కను పార్టిషన్ అంటారు. మా ప్రధాన పార్టిషన్ నూటికి నూరు పాళ్లూ నిండిందని సిస్టమ్ చెబుతోంది. ఏ ఫోల్డరు ఎంత తిన్నదో లెక్క తీస్తే మొత్తం కలిపినా సగం కూడా లేదు. మిగతా సగం ఎవడు మింగాడో అంతుబట్టలేదు.

స్కానింగ్ టెక్నీషియన్ పాటలు నింపిపెట్టుకున్నాడని తేలింది. తుడిచేయమంటే ఉద్యమ పాటలు తుడిస్తే పాపం తగులుతుందని కాసేపు గింజుకుని, చివరికి ఒక్కొక్కటే మొక్కుకుంటున్నట్టు తుడిచాడు. చిటికెడు ఖాళీ కూడా కాలేదు. ఈలోపు శిబిరం నుంచి సారు ఫోను. సంగతి చెప్పాను.

"పాత పేషెంట్ల బొమ్మలన్ని తీసెయ్. ఎవడడుగుతడు?" అన్నాడు. వెనక మైకులో తల్లి తెలంగాణ అని ఎవరో ఎలుగెత్తుతున్నారు.

అడిగే మనిషి నా ఎదురుగానే బెంచీ మీద కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండింది, ఫోను పెట్టేశాను.

అప్పుడు బ్యాకప్ డిస్కు మీదికి దృష్టి పోయింది. రోజూ రాత్రి సర్వర్‌లో ఉన్నవన్నీ ఒక బయటి డిస్కులోకి కాపీ అవుతాయి. ఆ డిస్కును ఈ మధ్య ఎవరైనా తీశారా అని అడిగితే టెక్నీషియన్ నేల చూపులు చూశాడు. వీడియోలు పెట్టుకోవడానికి సారు తీసుకుపోయాడట, ఈ పొద్దునే తెచ్చి మళ్లీ తగిలించాడట. చిక్కుముడి అక్కడ విడిపోయింది. గోడలో గూడు ఉండి, గూటి ముందు బీరువా నిలబెట్టారనుకోండి. బీరువా లేని రోజుల్లో తెచ్చిన సామానంతా గూట్లో కుక్కారు. బీరువా తిరిగొచ్చి అడ్డం నిలబడ్డాక గూడు కనబడదు, లోపలి సామాను మాత్రం గదిని ఆక్రమించే ఉంటుంది. బయటి డిస్కు లేని రాత్రుల్లో కాపీలన్నీ ప్రధాన పార్టిషన్‌లోనే, ఆ డిస్కును తగిలించే ఫోల్డరులో పడ్డాయి; డిస్కు తిరిగొచ్చి వాటిని కప్పేసింది. డిస్కును విడదీసి చూస్తే ఆ ఫోల్డరు గుట్టలుగా నిండి ఉంది. ఒక్కొక్కటీ సర్వర్‌లో ఉందో లేదో సరిచూసుకుని చెరిపేశాను. స్థలం వచ్చింది, కొత్త స్కాన్ సేవ్ అయింది, ఫిల్ము కూడా బయటికొచ్చింది. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుని, మరి పాతది అన్నది.

పాతవి సర్వర్‌లో ఉండవు. కొన్ని నెలలు దాటినవాటిని ఆ బయటి డిస్కులోకి పంపి, ఇక్కడ తీసేయడం మా పద్ధతి. డిస్కు మళ్లీ తగిలించి తెరిచాను. అందులో సారు ఉన్నాడు. గరిటెతో సారు, మైకుతో సారు, దండలతో సారు. ఇంకేమీ లేదు. లైనక్స్ డిస్కును చదవలేక సారు ల్యాప్‌టాప్, అంతా తుడిచి ఫార్మాట్ చేయమంటావా అని అడిగిందని టెక్నీషియన్ చెప్పాడు. సారు చేయమని నొక్కాడట. పోయినవాటిని వెలికితీసే ప్రోగ్రాము కూడా నడిపి చూశాను. ఉపన్యాసాలు వాటి మీదే పడ్డాయి, ముక్క కూడా మిగల్లేదు.

సారు అప్పుడే వచ్చాడు. చెమట తుడుచుకుంటూ సంగతి విని, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా ఆమె వైపు తిరిగాడు.

"సమ్మెల కరెంటు పోయుడు వచ్చుడుకు పాతయన్ని ఖరాబైనయ్ చెల్లె. తెలంగాణ కోసం గీ మాత్రం ఓర్సుకోవాలె."

ఆమె మొగుడి వైపు చూసి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు.

"మాదొక్కటే పోయిందా సారు, అందరియి పోయినయి గద. తెలంగాణ కోసమైతె పోనీ," అన్నది.

ఆమె కోపం చేసినా, తిట్టినా నేను ఊరుకునేవాణ్ణేమో. బస్సుల్లేక నడిచొచ్చిన మనిషి నిజంగానే ఒప్పుకుని, లేవబోయింది. ఎదురుగా సారు ఆ ఒప్పుకోలును దండ వేయించుకున్నట్టు తీసుకుంటున్నాడు. అంత రోత నాకు జీవితంలో మళ్లీ కలగలేదు.

"కరెంటు కాదక్కా," అన్నాను. "మీ ఆయన బొమ్మ ఉన్న డిస్కు గిదే. సారు దాన్ని తుడిచి గివి పెట్టుకున్నడు."

తెర ఆమె వైపు తిప్పి ఒక వీడియో నడిపించాను. సారు నన్ను ఆపమన్నాడు, నేను ఆపలేదు. తెర మీది సారు పేదవాడి ప్రాణం కోసమే ఈ పోరాటమని గుండెల మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాడు. ఆలుమగలిద్దరూ అయిపోయేదాకా నిలబడి చూశారు. ఆమె తెరకు ఇంకొంచెం దగ్గరగా వంగింది.

"గిండ్ల మా ఆయన తలకాయ ఏడున్నది సారు?"

వెక్కిరింపు లేదు ఆ గొంతులో, నిజంగానే వెతుకుతోంది. సారు నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు. నేను వాళ్లతోపాటే జీపు దాకా నడిచాను.

ఆమె మొగుడు బతికాడు, పని చేసుకోలేడు. పాత స్కాన్ లేకుండా ఆగడానికి వరంగల్ డాక్టరుకు ధైర్యం చాలక తల తెరిచాడు. ఆ మచ్చ పెరిగిందో లేదో ఆమెకు ఎవరూ చెప్పలేకపోయారు.