ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి తమ్ముణ్ణి తీసుకుపోయిన రోజు

మనసు కుంగిన మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 1979లో నా తమ్ముడు నాగన్నను ఆదోనికి తీసుకుపోయాను. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. వాడు నాకంటే మంచి నేతగాడు. అలాంటివాడు ఆరు నెలలుగా తిండి, మాట తగ్గించి, అడ్డపోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని దాదాపు ఊరికే కూర్చునేవాడు. ఏమైనా చేసుకుంటాడేమోనని రాత్రి కాపలా నాదే, పగలు రెండు మగ్గాల భారమూ నాదే. మా బావమరిది వచ్చి, "రెండ్రోజులు నేను సూసుకుంటా, నువ్వు పండుకో బావా" అన్నాడు. మా ఇంటి సంగతి మేం చూసుకుంటామని పంపేశాను.

పొద్దున ఏడింటి బస్సు ఎక్కాం. టికెట్టు రెండు రూపాయల లోపే. పత్తి లారీలు అడ్డం రాకపోతే గంట ప్రయాణం. నేను తూగి కండక్టరు మీద పడ్డాను.

"ఏమప్పా, రోగం నీకా, ఆయనకా?" అన్నాడతను.

"నాకేం, గుండ్రాయి మాదిరి ఉండాను" అన్నాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి నా తల నాగన్న భుజం మీద ఉంది.

కర్నూలు నుంచి వారానికొకసారి వచ్చే డాక్టరు పత్తి మార్కెట్టు అవతల చూసేవాడు. బస్టాండు నుంచి జట్కా అక్కర్లేదు, నడవొచ్చు. తొమ్మిదికి చీటీ ఇచ్చారు, పదకొండుకు పిలిచారు. డాక్టరు వాణ్ణి అడిగిన ప్రతిదానికీ నేనే జవాబు చెప్పాను.

"ఆయన నోరు నీ దగ్గరుందా?" అన్నాడు డాక్టరు. తర్వాత వాడివైపు తిరిగి, "పని ఎందుకు మానుకున్నావు నాగన్నా?" అన్నాడు.

చాలాసేపటికి వాడు నోరు విప్పాడు. "మానుకోలేదు సార్. దినానికి నాలుగు వేళ్ల మందం నేస్తాంటి. తెల్లారేసరికి మాయన్న ఇప్పేసి మళ్లా నేస్తాండె."

నిజమే. పోగును బిగించే వాడి దెబ్బలో బలం లేక నేత వదులొచ్చేది. నూలు ఇచ్చిన షావుకారు తప్పు పడతాడని, ఇంటి పేరు పోతుందని, వాడు పడుకున్నాక పేక పోగులు లాగేసి నేనే నేసేవాణ్ణి. వాడికి తెలియదనుకున్నాను.

"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని డాక్టరు నన్నడిగాడు. నేను వేళ్ల మీద లెక్కేస్తున్నాను. "నువ్వూ పడితే ఇద్దరు రోగులవుతారు. కాపలాకు ఇంకొకర్ని పెట్టుకో. ఆయన నేసింది ముట్టుకోకు" అని నెలకు మందులు రాశాడు.

తిరిగొచ్చే రెండింటి బస్సులో వాణ్ణి అడిగాను. "నాకు యాల సెప్పలేదురా?"

"నిద్ర మానుకొని నేస్తాంటివి కదన్నా. యెట్ల సెప్పేది?"

ఆ సాయంత్రమే బావమరిదికి కబురు పెట్టాను. ఇంకొకరి సాయం అడగడం నాకు చచ్చినంత పనైంది. అతను వచ్చాడు, నేను పడుకున్నాను. నాగన్న నేసింది విప్పడానికి నాకు రోజూ పది నిమిషాలు పట్టేది. వాడు మళ్లీ ఒక చీర పూర్తిగా తన చేత్తో నేయడానికి రెండేళ్లు పట్టింది. బావమరిది మొదట వచ్చినప్పుడే నిద్రపోయి ఉంటే, వాడి నేత ముట్టుకోకూడదన్న బుద్ధి నాకు ముందే వచ్చేదేమో.

మీరు పోయేటప్పుడు ముందు రాత్రి నిద్రపోండి. డాక్టరు అడిగితే మీ మనిషినే చెప్పనివ్వండి, ఎంతసేపు పట్టినా సరే.