ఎదురుగా కూర్చునే మనిషి

మేం ఆ కొండ మీదికి చేరింది మధ్యాహ్నం రెండు గంటలకు. బర్మా సరిహద్దు. వాన. మోకాళ్ల దాకా బురద. ఒక్కొక్కడికీ ఒక రైఫిలు, యాభై తూటాలు, తడిసి బరువెక్కిన కంబళి. ఆలూరు పక్క మా ఊళ్లో ఏడాదంతా పడే వాన అక్కడ వారంలో పడింది. మేం తవ్వుకున్న మోర్చా గుంతలో చేరిన నీళ్లు తోడిపోశాకే పడుకునేవాళ్లం.

నేను యుద్ధం చేసొచ్చానని ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. చేసింది తక్కువ, తాగింది ఎక్కువ. సిగ్గు విడిచి చెబుతున్నాను.

వాన రోజుల్లో మూడు గంటలకు రమ్ము పంచేవాళ్లు. హవల్దారు ఎదుటే తాగాలి. నాలుగు గంటలకు నీళ్లు తెచ్చే ఇద్దరి జోడు వాగుకు దిగాలి. ఇరవై నిమిషాల నడక. ఒకడు డబ్బాలు నింపాలి, రెండోవాడు రైఫిలు పట్టుకుని శత్రువు వస్తాడేమోనని అవతలి గట్టు చూడాలి. అదీ ఆర్డరు.

నా జోడు ఆత్మకూరు దగ్గరి క్రైస్తవుల ఇంటివాడు. తాగనని చర్చిలో మాటిచ్చి వచ్చాడు. తన వంతు, హవల్దారు చూసీ చూడనట్టుంటే, నా మగ్గులో పోసేవాడు. వాళ్ల ఊరి చర్చిలో శనివారం శనివారం తాగుడు మానుకున్నవాళ్ల కూటం జరుగుతుందట. వాళ్లమ్మతో కలిసి పోయి వాళ్ల నాయన అక్కడే మానాడట. "యుద్ధం అయినాంక నిన్ను గూడా ఆడికే తీస్కపోతా అన్నా" అని ఆటపట్టించేవాడు. నేను నవ్వేవాణ్ని.

ఒక రోజు ఇద్దరు జ్వరంతో పడుకున్నారు. వాళ్ల వంతులు, నా జోడు వంతు, నాది. నాలుగూ నేనే తాగాను. గట్టు చూడాల్సిన వంతు నాది. వాగు దగ్గర రాతికి ఆనుకుని కూర్చున్నాను. కళ్లు మూతపడ్డాయి. తూటా చప్పుడుకు లేచాను. ఒక్కటే తూటా. నా జోడు నీళ్లలో బోర్లా పడి ఉన్నాడు. డబ్బా సగమే నిండింది.

ఫోను దగ్గరి సిపాయి పైకి కబురు చెప్పాడు: "నీళ్ల జోడులో ఒకడు పోయినాడు. రెండోవాడు క్షేమం."

గట్టు చూస్తూనే ఉన్నాను, ఎవరూ కనపడలేదు అని హవల్దారుతో అన్నాను. నా నోరు వాసన కొడుతూనే ఉంది. ఆయన మొహం తిప్పుకున్నాడు. నాలుగు వంతులు పోసింది ఆయనే మరి. తోటివాడు చివరిదాకా పక్కనే నిలబడ్డాడని, నా పేరుతో సహా, వాళ్ల ఇంటికి ఉత్తరం రాశారు.

యుద్ధం అయిపోయింది. ఊరికొచ్చి ఏడాది పాటు సారాయి అంగడిలోనే ఉన్నాను. భార్య పిల్లలతో పుట్టింటికి పోయింది. ఎద్దులకు మూడు రోజులు నీళ్లు పెట్టలేదు. ఒకటి గాటి దగ్గరే కూలిపోయింది. ఆ కూటం నాకు గుర్తులేక కాదు. నా జోడు తల్లి అక్కడ ఉంటుందేమోనన్న భయం. ఎద్దును పూడ్చిన మరునాడు బయలుదేరాను.

ఆత్మకూరు బజారులో దారి అడిగాను. తాగుడు మానే కూటం యాడ జరుగుతాదప్పా అని అడగడానికి తల కొట్టేసినట్టయింది. టీ కాచేవాడు నీకా, ఇంకెవరికన్నానా అన్నాడు. నాకే అన్నాను. దారి చూపించాడు.

ఆ కూటానికొక పద్ధతి ఉంది. తాగి ఎవరికి అన్యాయం చేశామో వాళ్లను తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకోవాలి. వాళ్ల మొహం చూస్తూ చేసింది చెప్పాలి. చర్చి వరండాలో రెండు వరసల చాపలు. ఇటు తాగినవాళ్లు, అటు భార్యలు, తల్లులు, అన్నదమ్ములు. అటు చివర ఒక ముసలావిడ. మొగుడు పోయినా కూటానికి రావడం మానలేదట.

నా పేరు, యుద్ధంలో నేనున్న పల్టను చెప్పాను. ఆమె లేచి వచ్చింది.

"మావాని పక్కన నిలబడినోనివి నువ్వేనా నాయనా?"

రెండు చేతులతో నా మొహం తడిమింది. అందరికీ చూపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నోటి మీదికి పోయింది.

ఎదురుగా కూర్చునే మనిషిని తెచ్చుకోలేదేమప్పా అని కూటం పెద్ద అడిగాడు. భార్య రాలేదని చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేను తెచ్చుకోవాల్సిన మనిషి ఈడనే ఉండాదప్పా" అన్నాను.

అంతా చెప్పాను. నాలుగు వంతులు, రాయి, నిద్ర, అబద్ధం. ఆమె ఒక్కటే అడిగింది.

"వాడు నిన్ను పిలిసినాడా?"

"తెల్దమ్మా. నిద్రపోతాంటి."

ఆమె తన అరచేతులు చూసుకుంది. కొంగుకు తుడుచుకుంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తర్వాత లేచి వెళ్లిపోయింది.

ఆత్మకూరులో వెదురు మోసే కూలికి కుదిరాను, శనివారాల కోసం. మరుసటి వారం వెళ్లాను. ఆమె నాకంటే ముందే వచ్చి, నాకు ఎదురు చాప మీద కూర్చుని ఉంది. తాగినావా అంది. లేదమ్మా అన్నాను. ఏడాది పాటు వారం వారం అదే ప్రశ్న, అదే జవాబు. క్షమించానని ఆమె అనలేదు. అడిగే మొహం నాకు లేదు.

తర్వాత ఊరికి తిరిగొచ్చాను. భార్య వచ్చింది. మళ్లీ చుక్క ముట్టలేదు. తాగే రోజుల్లో కాసేపైనా మరపు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. నా మొహం తడిమిన చేతుల్ని ఆ తల్లి కొంగుకు తుడుచుకోవడం రోజూ చూస్తున్నాను.