నా చేతికి తెలిసిన లోపం

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. నా కెమెరాను అమ్మకానికి పెట్టిన రోజుల్లో ఆ మాట ఎంత నిజమో తెలిసింది. ఫోన్లో ప్రకటన చూసి వచ్చినవాళ్ళలో ఒకాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోకుండానే పెదవి విరిచాడు. ఇంకొకాయన డాక్టరు గొంతు చూసినట్టు లెన్సులోకి టార్చి వేసి చూసి, "ఆలోచించుకుని చెప్తానండి" అని వెళ్ళాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడేమో.

అమలాపురంలో ఇరవై ఏళ్ళకు పైగా ఫోటోలు తీశాను. ఓణీల ఫంక్షన్లకీ, సీమంతాలకీ ఆడమనిషి అయితే బాగుంటుందని నన్ను పిలిచేవారు. చివరికి కుడి భుజం పట్టేసింది. కెమెరా ఎత్తితే కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. బీరువాలో దాచుకుందామంటే మా గాలి తేమకి లెన్సు బూజు పట్టిపోతుంది. ఎవరో ఒకరు వాడుకోవడమే మేలనిపించింది.

మా నాన్న పాడిగేదెలు అమ్మేవాడు. ఎన్ని పాలిస్తుందో చెప్పేముందు దాని గుణం చెప్పేవాడు. "ఎడంపక్క కూర్చుంటే తంతుందండి. తవుడు పెడితే గానీ పాలు చేపదండి" అనేవాడు. వచ్చినవాడు జడిసి వెళ్ళిపోతే మా అమ్మ సణిగేది. "తన్నించుకున్నాక వాడొచ్చి మన గుమ్మంలో నిలబడితే బాగుంటుందేంటే?" అనేవాడు నాన్న. నేనూ ఆయన కూతుర్నే కదా. ముక్తేశ్వరం నుంచి ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు, కెమెరా లోపాలన్నీ వరసగా చెప్పాను. పట్టు దగ్గర రబ్బరు అరిగిపోయింది. కింద గీత పడింది. బ్యాటరీ మూత గట్టిగా నొక్కితే గానీ పడదు. ప్రతి మాటకీ ఆ అమ్మాయి "ఆయ్" అంటూ తలూపింది. ఒక స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఇతరులు తీసిన ఫోటోలకు ఆల్బములు కట్టే పని ఆమెది. ఇక తనే తియ్యాలని సరదా.

"అన్నీ చెప్పేసేనమ్మా. ఇక దీంట్లో దాపరికం ఏమీ లేదు" అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

ఆ అమ్మాయి కెమెరా కొనుక్కెళ్ళాక రెండు మూడుసార్లు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. "చాలా బాగుందండి మేడమ్ గారండి" అనేది. మా వైపు మర్యాద సంగతి నాకు తెలియనిది కాదు. ఇల్లు అంటుకున్నా సరే, వచ్చినవాళ్ళని ముందు కాఫీ తాగుతారా అని అడిగి ఆ తర్వాత చెప్పే మనుషులం మేము. అయినా ఆ "బాగుందండి"ని నేను ఉన్నదున్నట్టు నమ్మేశాను.

ఒక రోజు ఫోన్లో నా కెమెరా మళ్ళీ అమ్మకానికి కనిపించింది. కింది గీత చూసి గుర్తుపట్టాను. వెంటనే ఫోన్ చేశాను. ఎందుకు అమ్మేస్తున్నావని ఆ అమ్మాయిని అడిగాను. "కెమెరా బాగానే ఉందండి. నాకే రాదండి" అంది. గొంతులో ఏడుపు ఉంది. మర్నాడు పొద్దున్నే ముక్తేశ్వరం బస్సెక్కాను.

వాళ్ళ ఊళ్ళోనే ఒక కుర్రాడి బాప్తిస్మానికి ఫోటోలు తియ్యమని ఆమెను పిలిచారట. అదే మొదటి పని. కంప్యూటర్లో ఆ ఫోటోలు చూపించింది. కాలువలో నడుం లోతు నీళ్ళు, పాస్టరుగారి చెయ్యి కుర్రాడి నెత్తిన ఉంది. చూసే చూపు మంచిదే, ఎక్కడ నిలబడాలో తెలిసిన పిల్ల. కానీ కుర్రాడి ముఖం మసక. వెనకున్న పాస్టరుగారి చొక్కా గుండీలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి కాదు, దగ్గరగా తీసినవన్నీ అంతే.

"కెమెరాలో ఏమైనా లోపం ఉందేమోనండి అన్నానండి. ఆ కుర్రాడి అమ్మగారు అందరి ముందూ, ఆడలేక మద్దెల ఓడు అనకమ్మా అన్నారండి. ఇంకేం మాట్లాడతామండి" అంది.

నేను కెమెరా తీసుకుని, అరుగు మీద పేపరు పరిచి, మధ్య వరస మీద ఫోకస్ పెట్టి ఒకటి తీశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మళ్ళీ తీశాను. మళ్ళీ బాగానే వచ్చింది. ఆ అమ్మాయి ముఖం పూర్తిగా వాడిపోయింది.

"చూసేరాండి, మీరు తీస్తే వస్తంది. నా చెయ్యే మంచిది కాదండి."

ఆమె తల్లి గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. "మేడమ్ గారండీ, ఏమీ అనుకోకండి. నొక్కేటప్పుడు మీరు అలా వెనక్కి వాల్తారేంటండి?" అంది.

నేను వాలడమేమిటి? కోపం వచ్చింది. ఇన్నేళ్ళు కెమెరా పట్టిన దాన్ని, నిలబడటం రాదా? అయినా అనుమానం పుట్టింది. కెమెరాను కదలకుండా ఒక స్టూలు మీద పెట్టి, అదే వరస మీద ఫోకస్ పెట్టి నొక్కాను. ఆ వరస మసక. దానికి నాలుగు వరసల వెనక అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

అప్పుడు గుర్తుకొచ్చింది. మూడేళ్ళ కిందట ముమ్మిడివరంలో ఒక ఫంక్షన్లో ఈ కెమెరా బల్ల మీంచి పడింది. బాగుచేయించాక కొన్నాళ్ళు ఫోటోలు మసకగా వచ్చాయి. తిట్టుకుంటూ తీశాను. తర్వాత బాగానే రావడం మొదలెట్టాయి. లెన్సే సర్దుకుందనుకున్నాను. సర్దుకున్నది నేను. ఫోకస్ వెనక్కి పోతుంటే, నొక్కేముందు నా ఒళ్ళే అంత మేరా వెనక్కి వాలడం నేర్చుకుంది. నాకు చెప్పకుండానే నేర్చుకుంది. కింద గీత సంగతి చెప్పాను, మూత సంగతి చెప్పాను. అసలు సంగతి నా ఒంట్లోనే ఉండిపోయింది.

"నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా. లెన్సులో ఉంది" అన్నాను.

ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. సంతోషించలేదు. అండీ లేకుండా, "నెల రోజుల్నించీ నిద్ర పట్టలేదు నాకు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ కోపం నాకు తగినదే. నాకు తెలియదు కదా అని సమాధానం చెప్పుకోవచ్చు. తెలియకపోబట్టే నాకు నిద్ర పట్టింది, ఆమెకు పట్టలేదు. డబ్బు వెనక్కిచ్చి కెమెరా తీసుకెళ్తానన్నాను. లేదా నా ఖర్చుతోనే లెన్సు బాగుచేయిస్తానన్నాను.

"బాగుచేయించండి. కానీ ముందు నాతో ఆ కుర్రాడి ఇంటికి రండి" అంది.

నాకు వెళ్ళాలని లేదు. నన్ను ఎరిగిన ఊళ్ళు అవి. పాడైన సరుకు అంటగట్టిందని రేపు పదిమందీ అనుకుంటారు. అయినా లేచాను. ఆమె ఈ ఊళ్ళో పని చేసుకోవలసిన పిల్ల. లోపం లెన్సుదన్న మాట ఆమె నోటితో చెప్తే ఎవరూ వినరు, నేను చెప్తే వింటారు.

కుర్రాడి తల్లి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నేను గ్లాసు పక్కన పెట్టి అంతా చెప్పాను. కెమెరా పడిన సంగతి, నేను కనిపెట్టలేకపోయిన సంగతి, ఈ అమ్మాయి తప్పు ఇసుమంత కూడా లేదన్న సంగతి. ఆవిడ ఆఖరిదాకా విన్నది.

"మరి మా వోడి ఫోటోలండీ?"

"అవిక రావండి. క్షమించండి."

ఆవిడ నిట్టూర్చింది. బాప్తిస్మం మళ్ళీ ఇప్పించేది కాదు. నేను తల దించుకున్నాను. ఆవిడే అంది: "ఉన్నదున్నట్టు చెప్పేరు. ఈ రోజుల్లో అలా ఎవరు చెప్తారండి. వచ్చే నెల మా పెద్దోడి చంటిపిల్లని చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేయిస్తన్నామండి. మీరే వచ్చి తీసెయ్యండి."

ఎన్నాళ్ళయిందో నన్నొకరు ఫోటోకి పిలిచి. ఒక్క క్షణం భుజం నొప్పి కూడా మర్చిపోయాను. పక్కన ఆ అమ్మాయి చేతిలోని గ్లాసు వంకే చూస్తోంది. నా నిజాయితీకి మెచ్చి ఆమె పని నాకిచ్చేస్తున్నారు.

"నేను తియ్యనండి. నాకు కెమెరా లేదు. ఈవిడకి అమ్మేసేను" అన్నాను.

కుర్రాడి తల్లి మొదటిసారిగా ఆమె వైపు తిరిగి చూసింది. ఆ అమ్మాయి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఏ ఆదివారమండీ?" అంది.