శెట్టిగారి చొక్కా

ప్రొద్దుటూరులో ఎప్పుడో మూతపడిన వేరుశనగ నూనె మిల్లులో ఇప్పుడు ఒక్క గదికే తాళం తీస్తారు. మిల్లు పెట్టిన రంగయ్యశెట్టి ఫోటో, కుర్చీ, అద్దాల బీరువాలో ఆయన చొక్కా అందులోనే ఉన్నాయి. ఒకప్పుడు ఆ మిల్లులో కాయలు ఏరిన జైబున్నీసాయే ఆ గదికి కాపలా. చూడటానికి ఎవరూ రారు. పొద్దున్నే ఆమె బీరువా తెరిచి, చొక్కాకు పట్టిన నూనె వాసన గుండెల నిండా పీల్చుకుని, పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటుంది.

శెట్టిగారి శతజయంతికి ఆయన మనవరాలు తన్మయి వస్తోందని, జైబున్నీసా ఆ చొక్కాను సబ్బుతో బాగా రుద్ది ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించింది.

"అయ్యో అవ్వా, ఆ నూనె మరకల కోసమే కదా దాన్ని దాచింది!" అంది తన్మయి.

"పండగ పూట ఆయప్ప మాసిన చొక్కా ఎప్పుడేసినాడుమా?" అంది జైబున్నీసా.

మరునాడు అలవాటుగా బీరువా తెరిచింది. సబ్బు వాసన వచ్చింది. మెల్లగా తలుపు మూసి, స్టూలు తీసుకెళ్లి గది బయట వేసుకుంది.