కాకికున్న రూలు

నా చిన్నప్పుడు మా ఇంటికి గోడలుండేవి కావు. రెండు వెదురుకర్రలు, ఒక నీలం టార్పాలిన్, దాన్ని చెట్టుకు బిగించిన తాళ్లు, అంతే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గుర్గావ్‌లో రోడ్లు వెడల్పు చేస్తుంటే, మా నాన్న, బాబాయి ఉన్న శ్రీకాకుళం ముఠా అక్కడ చెట్లు కొట్టేది. కొట్టాల్సిన చెట్ల కిందే మా కాపురాలు. నీడనిచ్చిన ఇంటి ఓనరును మేమే నరికేవాళ్లమన్నమాట.

ఆ వేసవిలో మా డేరా కట్టిన వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. అటవీశాఖ గార్డు చూసి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఈ చెట్టు మీద చెయ్యి వేయకూడదు, కొమ్మ కూడా కదలకూడదు, రూలు అన్నాడు. మిగతా చెట్లు అప్పటికే అయిపోయాయి. పని ఆగింది. ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, పంపిన మనిషి వచ్చి, ఊరికే కూర్చోబెట్టి మేపలేను, రేపు పొద్దున్నే డేరాలన్నీ పీకి లారీ ఎక్కండి, సోనిపట్‌లో పనుంది అన్నాడు.

లారీ ఎక్కడం మాకు అలవాటే. కానీ అమ్మ మా తమ్ముణ్ణి కని వారం కూడా కాలేదు. లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతోంది. బయట వడగాలి. నాన్న ఎంత బతిమాలినా ఆ మనిషి, "అందరిళ్లలోనూ పిల్లలు పుడతారు భయ్యా" అని వెళ్లిపోయాడు.

నాకు కాకి మీద పీకలదాకా కోపం వచ్చింది. గూడు పడిపోతే ఇక్కడే పని దొరుకుతుంది, అమ్మ కదలక్కర్లేదని నా లెక్క. రాళ్లు ఏరుకుని గురి చూస్తుంటే బాబాయి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటే, కాకితో తగువెట్టుకున్నావా?"

"దానికి రూలుంది. అమ్మకి లేదేటి బాబాయ్?"

"లేదు. రాసినోడికి మనం అగుపడ్నేదు." నా చేతిలోని రాళ్లు తీసి పారేశాడు. "దాని రూలు పీకీసినావనుకో, మనకేటొస్తాది? ఒక్క పూటలో చెట్టు కొట్టీసి మళ్లీ లారీయే ఎక్కుతాం. ఉండనీ. దాని కిందే మీ అమ్మని కూడా దాసీగలమేమో సూద్దాం."

మర్నాడు తెల్లవారుతూనే బాబాయి వెళ్లి గార్డును వెంటబెట్టుకొచ్చాడు. ఠేకేదారు మనిషి మా తాడు విప్పబోతున్నాడు. బాబాయి చేతులు కట్టుకుని, లోకంలో అంతకన్నా అమాయకుడు లేనట్టు, హిందీలో విన్నవించుకున్నాడు. తాడు పై కొమ్మకుంది సాబ్, విప్పితే కొమ్మ ఊగుతుంది, గూడు పడితే కేసు ఎవరి మీద రాస్తారో చెప్పండి, విప్పేస్తాం. గార్డు ఠేకేదారు మనిషి వైపు తిరిగాడు. "కోయీ హాథ్ నహీ లగాయేగా," ఎవరూ చెయ్యి వేయడానికి లేదన్నాడు.

మా అమ్మకు కరగని మనిషి కాకికి జడిసి వెళ్లిపోయాడు.

ముఠా సోనిపట్ వెళ్లింది. మా డేరా ఒక్కటీ మిగిలింది. కాకిపిల్లలు టార్పాలిన్ నిండా రెట్టలు వేస్తుంటే అమ్మ తన పథ్యం అన్నంలోంచే వాటికో ముద్ద విసిరేది. అవి ఎగిరిపోయేనాటికి తనూ లేచి నడిచింది. ఈ కథ తలచుకుని మా వాళ్లు పడీపడీ నవ్వేవారు. కాకి పేరు చెప్పుకుని పురుడు గట్టెక్కినందుకు నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది.

ఇప్పుడు గుర్గావ్ పక్కనే ద్వారకలో, మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో చెట్టు కొట్టడానికి ఎవరొచ్చినా ఆంటీలు, అంకుళ్లు పరుగున దిగి పర్మిషన్ కాగితం అడుగుతారు. అడగాలి. వాళ్లతోపాటు నేనూ అడుగుతాను. అది చూశాక ఇంకొకటి అడుగుతాను, ఈ పనివాళ్ల ఆడవాళ్లు, పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారని. ఆ మాటకు చూపించడానికి ఇంతవరకూ ఎవరి దగ్గరా కాగితం లేదు.