తొందరలేని మనిషి

ఉమ్మే హబీబా చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. ప్రాథమిక హక్కుల పాఠం వచ్చిన ప్రతి ఏడూ పిల్లలు తల వంచుకుని నోట్సు రాసుకుంటారే తప్ప ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయరు. ఇంట్లో భర్త జియావుల్లా ఆమె ఏమన్నా "అంతే, అంతే" అంటాడు. మంచివాడు. ఆ మంచితనంతో పోట్లాడటానికి ఆమెకు ఏ వైపునా పట్టు దొరకదు.

ఒకప్పుడు ఆమె మాటకు ఎదురుమాట ఉండేది. తిరుపతిలో లా చదివే రోజుల్లో, విద్యార్థులే వకీళ్లుగా నిలబడి వాదించుకునే మూట్ కోర్టులో, హబీబా లేచిందంటే అవతలి పక్షం కాగితాలు సర్దుకునేది. పట్టా చేతికొచ్చాక నల్లకోటు తొడుక్కుని చిత్తూరు కోర్టుకు వెళ్లింది. ఏ సీనియరూ ఆమెను కాదనలేదు. "రామ్మా, చూద్దాం" అన్నారు. వాళ్ల గదుల్లో కుర్చీలు మాత్రం ఎప్పుడూ ఇంకెవరికో ముందే చెప్పి ఉండేవి. వానాకాలమంతా వరండాలో నిలబడింది. తండ్రి ఫకృద్దీన్ బజారులో ఇనుప పెట్టెల అంగడి నడిపే మనిషి. "ఇంగా పోతావా బేటీ?" అని అడిగేవాడే కాని, పోవద్దని ఒక్కనాడూ అనలేదు. చివరికి ఒక సోమవారం ఆమే వెళ్లలేదు.

అన్యాయం జరిగిందని రుజువు చేయాలంటే చేసినవాడు కావాలి. ఇక్కడ ఎవరూ ఏమీ చేయలేదు. ఈ దేశంలో ఆడవాళ్లను వృత్తుల నుంచి తప్పించే పద్ధతుల్లో ఇంతకంటే పకడ్బందీ అయినది లేదు. దానికి ఉత్తర్వు ఉండదు కనుక అప్పీలూ ఉండదు.

ఈ డిసెంబరులో తిరుపతి లా కాలేజీలో పాత విద్యార్థుల సమ్మేళనం పెట్టారు. శనివారం ఆటపాటలు, ఆదివారం చర్చలు. హబీబాతో కలిసి చదివిన ప్రసన్నకుమారి ఇప్పుడు హైకోర్టు న్యాయవాది. ఆమె ఫోన్ చేసింది.

"ఏమే, ఆదివారం పొద్దున ఆడోళ్ల ప్యానెల్ ఉండాది. న్యాయవృత్తిలో మహిళలు. నీ పేరు ఇచ్చేసినా."

"నేను వృత్తిలో యాడుండాను ప్రసన్నా?"

"ఎందుకు లేవో, అదే చెప్పు. నీకూ అందరితో సమానంగా టైమిస్తారులే."

ఆ వారం రోజులూ హబీబా అన్నం వారుస్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అక్కడ చెప్పబోయే మాటల్నే పేర్చుకుంది. తనను అప్పట్లో ఎరిగినవాళ్ల ముందు, అందులోనూ చిత్తూరు కోర్టులో కుర్చీలు దొరికినవాళ్ల ముందు, ఒక్కసారి ఆ మాట అనాలి. ఎవరైనా జవాబు చెప్పాలి. అంతకుమించి ఆమె ఏమీ కోరలేదు.

ఆదివారం వేదిక మీద కుర్చీలో తన పేరు రాసిన అట్టముక్క చూసుకుని కూర్చోబోతుంటే, సమ్మేళనం నడిపిస్తున్న రఘునాథ్ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అబ్బా, అదృష్టం చూడండి! మనోళ్లందరికీ కొండ మీద దర్శనం టికెట్లు దొరికినాయి, మజ్జానానికే. బస్సు గేటు కాడ ఉండాది. మాట్లాడినోళ్లు మాట్లాడినట్టే పొయ్యి ఎక్కేయండి." తర్వాత హబీబా వైపు వంగి, ఎంతో ఆపేక్షగా అన్నాడు: "నీకు కొండకు పోయే తొందర లేదు గదా హబీబా. నువ్వు చివర్లో మాట్లాడు. తీరిగ్గా."

అతని ముఖంలో దురుద్దేశం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆమెకు మేలు చేశాననే అనుకున్నాడు. తిరుపతిలో కొండకు బయలుదేరినవాణ్ణి ఎవరూ ఆపరు. హబీబా కూడా ఆపదు. ఆ మర్యాద ఆమెకు పుట్టుకతో వచ్చింది.

మొదటి వక్త ముగించగానే ముందు వరుస లేచింది. రెండో వక్త తన కేసుల గొప్పలు చెబుతుండగా వెనక వరుసలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ప్రసన్నకుమారి మూడు ముక్కల్లో ముగించి, హబీబా భుజం నొక్కింది.

"ఏమనుకోకు. టికెట్టు ఆధార్ తోటి ముడిపెట్టినారు, నా బదులు ఇంకొకర్ని పంపను కాదు. కొండ మీద పెద్దాయన పిలిచినాక హైకోర్టైనా ఎక్స్‌పార్టీనే, మనం లేకుండానే నడవాల. వీడియో తీయమని చెప్పినాలే."

"పోయి రా. తోపులాటలో జాగ్రత్త," అంది హబీబా.

ఆమె పేరు పిలవడానికి కూడా ఎవరూ మిగల్లేదు. తనే లేచి మైకు దగ్గరికి వెళ్లింది. గోడ పక్కన కెమెరా ఒకటి ఒంటరిగా వెలుగుతోంది. మూడో వరుసలో మాత్రం ఒకడు కదలకుండా కూర్చుని ఉన్నాడు. గంగాధరం. మూట్ కోర్టులో ఎప్పుడూ ఆమెకు అవతలి పక్షం. ఇప్పుడు చిత్తూరులో పేరున్న వకీలు.

"నువ్వు పోలేదా?"

"మా నాయన పొయ్యి ఇంగా ఏడు తిరగలేదు. కొండెక్కరాదు." అతను నవ్వాడు. "నీకు మతమడ్డం, నాకు మైల అడ్డం. మొదలుపెట్టు తల్లీ, కోర్టు కూర్చునుండాది."

హబీబా మొదలుపెట్టింది. వరండా గురించి చెప్పింది. వాన జల్లు కొట్టినప్పుడు ఫైలును కోటు లోపల దాచుకోవడం గురించి చెప్పింది. ఎవరూ పొమ్మనకపోయినా మనిషి ఎలా వెళ్లిపోతుందో చెబుతుండగా, గంగాధరం చెయ్యెత్తాడు.

"అడ్డమొస్తున్నా. మేమేమైనా నిన్ను పొమ్మన్నామా?"

హబీబాకు కోపం రాలేదు. ఇన్నేళ్లుగా తన మాటకు తలలూపినవాళ్లు, నోట్సు రాసుకున్నవాళ్లు, వినకుండా లేచిపోయినవాళ్లు ఉన్నారు. తన మాటలో లొసుగు వెతికినవాడు ఒక్కడూ లేడు. తాను వెతుక్కుంటున్నది నల్లకోటు కాదనీ, ఇదేననీ ఆమెకు ఆ క్షణంలో తెలిసింది.

మైకు వదిలేసి వేదిక దిగి వచ్చింది.

"అప్పట్లో నువ్వు యాడ కూర్చుంటివి గంగాధరం?"

"మా సీనియరు గదిలో."

"ఆ చోటు ఎట్లొచ్చె?"

"ఆయనా మా నాయనా ఒకే ఊరోళ్లు. అయినా నాకేమన్నా సింహాసనం వేసినారా? స్టూలే గదా!"

"స్టూలైనా వేసినారు గదా."

"నువ్వు అడిగినావా మరి? వరండాలో కనిపిస్తివి, నవ్వితివి, పోతివి. నాకెట్ల తెలుస్తాది?"

"అడిగుంటే ఆ స్టూలు మీద పక్కకు జరిగుందువా?"

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టి కదిలింది. హబీబా చేతిలో ఫోన్ మోగింది. జియావుల్లా, అయిపోయిందా అని అడగడానికి. ఆమె దాన్ని కుర్చీలో బోర్లా పెట్టింది.

తప్పించుకునే జవాబులు గంగాధరానికి కొత్త కాదు. అవే అతని బతుకుతెరువు. వాటిలో ఒకటీ పైకి తీయలేదు.

"జరిగుండను," అన్నాడు. "ఆ వయసులో జరిగుండను."

హబీబా అతని ఎదుటి వరుసలో ఒక కుర్చీని వెనక్కి తిప్పుకుని కూర్చుంది.

"ఎందుకని?" అని అడిగింది, మెల్లగా, ఈ మాట ఇప్పట్లో అయిపోకూడదన్నట్టు.